ఒకే పని రెండుసార్లు: కరోలా ముందు స్ట్రట్లు, 36,000 మైళ్ల తర్వాత

మా 2010 టయోటా కరోలా ముందు స్ట్రట్లని, అంటే స్ప్రింగు మధ్యలో ఉండి కుదుపుల్ని మింగే షాక్ అబ్జార్బర్లని, ఇంటి గరాజులో నేనే రెండుసార్లు మార్చాను. మొదటిసారి 2021 మేలో, రెండోసారి 2022 సెప్టెంబరులో. రెండోసారి వేసినవి ఇప్పటికి 36,000 మైళ్లు నడిచాయి. రెండుసార్లు ఎందుకు మార్చాల్సొచ్చిందన్నదే ఇక్కడ అసలు సంగతి.

మేముండేది డెట్రాయిట్ శివార్లలో, నోవైలో. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కారు అడుగున ప్రతి నట్టునూ తినేస్తుంది. మార్చి వచ్చేసరికి మంచు కరగడం, గడ్డకట్టడం, మళ్లీ కరగడం. దాంతో తారు లేచిపోయి గుంతలు. విజయవాడలో కారు నడిపినవాణ్ణి, గుంతలు నాకు కొత్త కాదు. గంటకి 70 మైళ్ల వేగంలో గుంత తగలడం కొత్త.

1,18,000 మైళ్ల దగ్గర కారు తన బాధ తనే చెప్పింది. బ్రేకు వేస్తే ముక్కు నేలకి వంగేది. గుంత దాటాక పడవలా రెండు మూడుసార్లు ఊగేది. ముందు టైర్లని చేత్తో తడిమితే ఎగుడుదిగుడుగా తగిలాయి. కుడి స్ట్రట్ మీద నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుంది. చిన్న చిన్న గతుకుల మీద వచ్చే టకటక మాత్రం స్ట్రట్లది కాదు, స్టెబిలైజర్ లింకులది, అంటే కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని స్ట్రట్‌కి కలిపే చిన్న రాడ్లది. షాపులో స్ట్రట్లకీ లింకులకీ కలిపి 1,150 డాలర్లన్నారు.

విడి స్ట్రట్ కొంటే పాత స్ప్రింగుని కంప్రెసర్ అనే బిగింపు పనిముట్టుతో నొక్కి, విప్పి, కొత్తదానికి ఎక్కించాలి. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే మనిషి మిగలడు. ఆ ధైర్యం నాకు లేదు, ఉండాలనీ అనుకోను. స్ప్రింగు, పైన దాన్ని కారు బాడీకి పట్టించే మౌంటు, బేరింగు అన్నీ బిగించి వచ్చే పూర్తి అసెంబ్లీ కొనాలని తేల్చుకున్నాను. అంతవరకూ తెలివిగానే ఉన్నాను. తర్వాత ఆన్‌లైన్‌లో జత 140 డాలర్లకే, అదీ జీవితకాలం వారంటీతో కనబడింది. కొనే బటను నొక్కేశాను.

పని రోజుకి మా మామయ్య గారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. అంబాసిడర్‌కి కమాను కట్టలు మార్పించిన కాలం మనిషి. ఆయన మొదటి సలహా నేను చూసిన ఏ వీడియోలోనూ లేదు. "అల్లుడు గారూ, ఊడదీసిన చక్రాన్ని కారు కింద పడుకోబెట్టండి. జాకీని నమ్మి చెడినవాళ్లు మా ఊళ్లో ఇద్దరున్నారండీ." స్టాండ్లున్నా సరే, అప్పటినుంచీ చక్రం కింద పెట్టకుండా ఏ పనీ మొదలుపెట్టలేదు.

ఈ తరం కరోలాలో స్ట్రట్ పై నట్లు విండ్‌షీల్డు కింద ఉండే ప్లాస్టిక్ పలక చాటున ఉంటాయి. అంటే వైపర్లు ఊడదీసి, ఆ పలక తీసి, అప్పుడు నట్ల దగ్గరికి చేరాలి. వైపర్ల చేతులే తుప్పుతో అరగంట ఏడిపించాయి. పైన కనిపించేవాటిలో చుట్టూ ఉన్న మూడు నట్లే మనవి. మధ్యలో ఉన్న పెద్ద నట్టు స్ప్రింగుని పట్టి ఉంచేది, దాని జోలికి పోకూడదు. ఈ మూడింటినీ కూడా ముందు కాస్త వదులు చేసి, కిందవి తీశాక, ఒక చేత్తో స్ట్రట్ పట్టుకుని చివర్లో తీయాలి.

కింద నకుల్‌కి, అంటే చక్రాన్ని మోసే ఇనుప ముక్కకి, పట్టి ఉండే రెండు పెద్ద బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు నూనె కొట్టి ఉంచాను. పొడవాటి బ్రేకర్ బార్ వేసి తొక్కితే కదిలాయి. అది నా దగ్గర లేదు, ఆటోజోన్ అనే విడిభాగాల దుకాణంలో డిపాజిట్ కట్టి తెచ్చుకున్నాను. పనిముట్టు తిరిగిచ్చేస్తే డబ్బంతా వెనక్కిస్తారు. లింకు నట్టు మాత్రం దారికి రాలేదు. నట్టుతో పాటు లోపలి బోల్టూ తిరుగుతుంది. దాన్ని ఆపడానికి మధ్యలో అలెన్ కీ పెట్టే గుంట ఉంటుంది గానీ, పదకొండు చలికాలాల ఉప్పు తిన్న గుంట కీని పట్టలేదు. గ్రైండర్‌తో కోసేశాను. ఎలాగూ కొత్త లింకులే వేస్తాం కాబట్టి పాత నట్టు మీద జాలి పెట్టుకోనక్కర్లేదు. మళ్లీ చేస్తే పదినిమిషాల్లోనే గ్రైండర్ అందుకుంటాను.

స్ట్రట్ బయటికి రాగానే చక్రం బిగించే హబ్ బయటి వైపుకి వాలిపోతుంది. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు దాన్ని మోయకూడదు, యాక్సిల్ లోపలి జాయింటు ఊడి రాకూడదు. ఒక తీగతో కట్టేయాలి. నేను మొదటి వైపు కట్టడం మర్చిపోయాను. మామయ్య గారు పట్టుకుని నిలబడ్డారు, పాపం, నలభై నిమిషాలు.

మొదటి వైపు ఐదు గంటలు, రెండో వైపు రెండు గంటలు. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో 103 న్యూటన్ మీటర్లకి బిగించి రోడ్డెక్కితే స్టీరింగు వంకరగా ఉంది. కింది బోల్టులు విప్పితే చక్రం కోణం మారుతుంది, అలైన్‌మెంట్ చేయించక తప్పదు. 110 డాలర్లు. ఆ ఖర్చు మొదట్లో లెక్కేసుకోలేదు.

ఆ చవక జత గురించి. మొదటి నెల స్వర్గం. పాతవాటి తర్వాత ఏదైనా స్వర్గమే. కారు ముందు భాగం దాదాపు అంగుళం ఎత్తుగా నిలబడింది, సర్దుకుంటుందిలే అనుకున్నాను, సర్దుకోలేదు. ఎనిమిదో నెలలో పార్కింగ్‌లో స్టీరింగు పూర్తిగా తిప్పితే టొంయ్ మని తంబుర మీటిన చప్పుడు. పై బేరింగు పట్టేయడంతో స్ప్రింగు మెలిపడి, ఒక్కసారిగా విడిపోతున్న శబ్దమది. పద్నాలుగో నెలకి ఎడమవైపు మౌంటు గతుకు గతుక్కీ కొట్టుకోవడం మొదలైంది. వారంటీ అడిగితే కొత్తది పంపుతామన్నారు, పంపారు కూడా. కానీ అది ఎక్కించాల్సింది నేను, అలైన్‌మెంట్‌కి డబ్బు పెట్టాల్సింది నేను. అదే సరుకు మళ్లీ బిగించడానికి మనసు రాలేదు. ఆ పెట్టె ఇంకా గరాజులో ఉంది.

1,31,000 మైళ్ల దగ్గర కేవైబీ అనే కంపెనీ వాళ్ల పూర్తి అసెంబ్లీలు తెచ్చాను, జత 340 డాలర్లు. ఈసారి రెండువైపులా కలిపి మూడున్నర గంటలు. మొదటిసారి బోల్టుల మరలకి, తుప్పుతో పట్టేయకుండా యాంటీ సీజ్ అనే గ్రీజు లాంటిది రాసి బిగించినందువల్ల చాలావరకు చేత్తోనే వచ్చేశాయి. కారు ఎత్తు మొదటిరోజు నుంచే సరిగ్గా ఉంది. కొంచెం గట్టిగా ఉంటాయి, కాంక్రీటు హైవే అతుకుల మీద వెనక కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. మా ఆవిడకి పాత ఊయలే నచ్చేదట. బ్రేకు వేస్తే ముక్కు వంగడం లేదు, మూడు చలికాలాలు దాటినా చప్పుడు లేదు, నూనె చెమ్మ లేదు. తర్వాత వేసిన టైర్లు సమంగా అరుగుతున్నాయి. మెత్తదనమే కావాలంటే ఇవి మీకు కావు.

ఇక డబ్బు. చవక జత 140, లింకులు 40, స్టాండ్లూ టార్క్ రెంచూ 150, కేవైబీ 340, రెండు అలైన్‌మెంట్లు 220. మొత్తం 890. షాపు చెప్పినదాని కన్నా 260 తక్కువ, రెండు శనివారాలు ఎక్కువ. మొదటే మంచివి కొని ఉంటే 640తో అయిపోయేది.

ఇప్పుడు కారు 1,67,000 దాటింది. కుడివైపు లింకు రబ్బరు బూటు చిరిగి మళ్లీ టకటక మొదలైంది, కొత్తది తెప్పించాను. వచ్చే శనివారం పెట్టుకున్నాను పని. మామయ్య గారు వీడియో కాల్‌లో ఉంటానన్నారు, చక్రం కింద పెట్టానో లేదో ముందు చూపించాలట.