వెంబ్లీ ఫైనల్ టిక్కెట్లని టోపీ పెట్టాడు. మన గ్రూపుల్లో తిరిగే ఆ ‘అన్న’తో జాగ్రత్త

ఆదివారం పొద్దున ఆరున్నర. రాత్రి నిద్ర లేదు. కోపం చల్లారాక రాద్దామనుకున్నా గానీ, చల్లారితే ఇక రాయనని తెలిసి ఇప్పుడే కూర్చున్నా. తప్పులుంటే సర్దుకోండి.

విషయం నిన్న, అంటే 2025 మే 17న, లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన ఎఫ్ఏ కప్ ఫైనల్. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద కప్పు పోటీ. క్రిస్టల్ ప్యాలెస్, మాంచెస్టర్ సిటీ. మేం ఉండేది దక్షిణ లండన్‌లో క్రాయిడన్ వైపు, ప్యాలెస్ వాళ్ల అడ్డా, కాబట్టి మా ఇంట్లో ఏ జట్టో వేరే చెప్పక్కర్లేదు. నాకు క్రికెట్ తప్ప ఏదీ పట్టదు, మావాడికి తొమ్మిదేళ్లు, వాడికి ప్యాలెస్ తప్ప ఏదీ పట్టదు. పక్కింటి పెద్దాయన వాణ్ణి అలా తయారుచేశాడు. ఆయన 1990 ఫైనల్ చూశాడు, 2016 ఫైనల్ చూశాడు, రెండుసార్లూ మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో ఓడి ఇంటికొచ్చాడు. 1905 నుంచి ఉన్న క్లబ్, పెద్ద కప్పు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈసారి కొడతారని మావాడు క్యాలెండర్‌లో మే 17 చుట్టూ ఎర్ర స్కెచ్‌తో, నీలం స్కెచ్‌తో రెండు సున్నాలు చుట్టాడు.

క్లబ్ టిక్కెట్లు మనకెక్కడ దొరుకుతాయి? సభ్యత్వం ఉండాలి, ఏళ్ల తరబడి మ్యాచ్‌లకు వెళ్లి పాయింట్లు కూడబెట్టి ఉండాలి. పెద్దాయనకు ఉన్నాయి, మాకు లేవు. అప్పుడు దిగాడు మన అన్న. పేరు రాయను. లండన్ తెలుగు గ్రూపుల్లో ఉన్నవాళ్లకు చెప్పాల్సిన పనే లేదు. కచేరీ అన్నా ఆయనే, క్రికెట్ అన్నా ఆయనే, సంక్రాంతికి అరిసెలు అన్నా ఆయనే. ‘తమ్ముడూ, ఏ ఊరు? గుంటూరా? మాదీ అటువైపే’ అన్నాడు. అంతే, నా బుద్ధి గడ్డి మేసింది. రెండు టిక్కెట్లు, 360 పౌండ్లు. మన లెక్కలో 40 వేల పైమాటే. బ్యాంకు నుంచి నేరుగా పంపించాను. కార్డు కూడా కాదు, చూడండి నా తెలివి. ఆఫీసులో ఏటా మోసపు ఈమెయిళ్ల మీద ట్రైనింగ్ ఇచ్చేది నేనే. పోయిన నెలే స్లైడ్లు వేసి మరీ చెప్పాను.

శుక్రవారం రాత్రికి టిక్కెట్లు ఫోన్లోకి వస్తాయన్నాడు. రాలేదు. శనివారం పొద్దున అన్నాడు. రాలేదు. పన్నెండు గంటలకు, మేం ఈస్ట్ క్రాయిడన్ స్టేషన్‌లో ఉండగా, మెసేజ్: ‘తమ్ముడూ, యాప్ మొరాయిస్తోంది. స్క్రీన్‌షాట్లు పంపుతున్నా. గేటు దగ్గర చూపించు, ఏం కాదు. బాబుకి నా ఆశీస్సులు.’ ఆశీస్సులట!

అక్కడైనా వెనక్కి తిరగొచ్చు కదా? తిరగలేదు. రైలంతా ఎరుపు నీలం కండువాలు, పాటలు. మావాడు పదో నంబరు చొక్కా, వీపు మీద ప్యాలెస్ ఆటగాడు ఎజె పేరు. వాణ్ణి చూస్తూ స్క్రీన్‌షాట్ సంగతి ఎవరు ఆలోచిస్తారు?

వెంబ్లీలో మొదటి చెకింగ్ దగ్గర కుర్రాడు ఫోన్ పైపైన చూసి పొమ్మన్నాడు. హమ్మయ్య అనుకున్నా. అసలు గేటు దగ్గర ఎర్ర లైటు. మళ్లీ పెట్టా, ఎర్ర లైటు. అక్కడున్న ఆవిడ నా ఫోన్ తీసుకుని వేలితో ఒకసారి పక్కకు జరిపింది. అంతే, పక్కనే నా గ్యాలరీలో ఉన్న మా అమ్మాయి పుట్టినరోజు కేకు ఫొటో వచ్చింది. ‘ఇది టిక్కెట్ కాదు సార్, ఫొటో’ అంది. కోప్పడలేదు పాపం, మావాడి చొక్కా వంక చూసి తల తిప్పుకుంది. వెనక క్యూలో వాళ్లు దారి ఇచ్చారు. అందరూ మర్యాదగానే పక్కకు తప్పుకున్నారు. అదే ఇంకా సిగ్గుగా అనిపించింది.

ఇక ఫోన్ చేశా. ఒకసారి, రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి ఏమన్నాడో తెలుసా?

‘హలో, హూ ఈజ్ దిస్?’

వారం రోజులు తమ్ముడూ తమ్ముడూ అన్న నోరు! అన్నా నేను, వెంబ్లీ టిక్కెట్లు, గేటు దగ్గర ఆపేశారు అన్నా. ‘సారీ సర్, ఐ డోంట్ నో యూ.’ అన్నా, పిల్లాడు పక్కనే ఉన్నాడన్నా, ఏదో ఒకటి చెయ్యండి అన్నా. అవును, అప్పుడు కూడా ‘అన్నా’ అనే అంటున్నాను. దానికి మాత్రం తెలుగు వచ్చింది ఆయనకి: ‘తెల్లోళ్ల ఆట మీద అంత మోజుంటే సొంతంగా కొనుక్కోవాలి గానీ, నా ప్రాణం తియ్యడమేంటి?’ పెట్టేశాడు. నిమిషంలో ఆయన ఫొటో మాయం. బ్లాక్.

డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు. ఆ ‘హూ ఈజ్ దిస్’ ఒక ఎత్తు. రాత్రంతా చెవిలో అదే మోగింది.

మావాడు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ‘ఇక్కడే కూర్చుందాం నాన్నా, వినపడుతుంది కదా’ అన్నాడు. స్టేషన్‌కు వెళ్లే పెద్ద దారి పక్కన గట్టు మీద కూర్చుని ఫోన్లో బీబీసీ పెట్టాం. నాలుగున్నరకు మొదలైంది. ఫోన్లో బొమ్మ ఆలస్యంగా వస్తుంది కదా, స్టేడియం హోరు ముందు, గోలు తరవాత. పదహారో నిమిషంలో ఒక్కసారిగా గట్టు అదిరినంత అరుపు. ఫోన్లో చూస్తే బంతి ఇంకా మధ్యలోనే ఉంది. ఎవరు కొట్టారో తెలీదు. నేను సిటీ అనుకున్నా, మావాడు కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ప్యాలెస్ ఆటగాడు మున్యోజ్ కుడివైపు నుంచి క్రాస్ వేశాడు, ఎజె కొట్టాడు. వాడి వీపు మీద ఉన్న పేరే.

పెనాల్టీ అప్పుడూ అంతే. సిటీకి పెనాల్టీ, వాళ్ల పెద్ద స్టార్ హాలండ్ ఉండగా మర్మూష్ బంతి పట్టుకున్నాడు. ఫోన్లో ఇంకా బంతి పెట్టుకుంటూ ఉంటే లోపల హోరు. ‘ఆపాడు నాన్నా! ఇది మనోళ్ల అరుపు!’ అని మావాడు లేచి నిలబడ్డాడు. నిజంగానే మా గోల్‌కీపర్ హెండర్సన్ ఆపాడు. ఎలా కనిపెట్టాడో నాకిప్పటికీ తెలీదు. చివర్లో పది నిమిషాలు అదనంగా ఇచ్చారు, ఫోన్‌లో ఛార్జింగ్ నాలుగు శాతం. 1-0. లోపల జనం ఏడుస్తున్నారని ఫోన్లో చూశాం, గోడకి ఇవతల నుంచి.

ఇంటికొచ్చేసరికి ఇంట్లో ఆవిడ ఒక్క మాటా అనలేదు. అంటే ఎంత కోపమో మీకు తెలుసు.

సరే, పనికొచ్చేది కాస్త. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టిక్కెట్ అమ్మడమే నేరం, 1994 చట్టం. ఇది నాకు రాత్రి పదకొండింటికి తెలిసింది, చేతులు కాలాక. బ్యాంకుకు వెంటనే ఫోన్ చేయండి. 2024 అక్టోబర్ 7 నుంచి ఇలా నమ్మించి డబ్బు పంపించుకున్న కేసుల్లో బ్యాంకులే తిరిగి ఇవ్వాలన్న నిబంధన వచ్చింది, కాకపోతే 100 పౌండ్ల దాకా కోత పెట్టుకోవచ్చు. నాది విచారణలో ఉంది. మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే యాక్షన్ ఫ్రాడ్‌లోనూ ఫిర్యాదు పెట్టాను. మెసేజ్‌లు, ఖాతా వివరాలు దాచుకోండి, తిక్కలో చాట్ చెరిపేయకండి. నేను సగం చెరిపేశా. స్క్రీన్‌షాట్‌ను టిక్కెట్ అన్నవాణ్ణి అక్కడే ఆపండి.

‘మనవాడు’ అనే మాట గురించి ఏదో రాద్దామనుకున్నా. వద్దులెండి, మళ్లీ బీపీ.

ఇది రాస్తుండగా పక్కింటి పెద్దాయన తలుపు కొట్టాడు. గొంతు పూర్తిగా పోయింది, మాట రావట్లేదు. మ్యాచ్ పుస్తకం ఒకటి మావాడి కోసం తెచ్చాడు. వాడింకా నిద్రలోనే ఉన్నాడు, దిండు పక్కన పెట్టా.

ఇంకో సంగతి, అసలు దీనికే ఇంత పొద్దున్నే పోస్ట్ చేస్తున్నా. నన్ను బ్లాక్ చేశాడు గానీ, మా ఆవిడ ఉన్న గ్రూపులో ఆయన ఇంకా ఉన్నాడుగా. ఇప్పుడే చూపించింది. పొద్దున 6:10కి పెట్టాడు: ‘జూలై 10 లార్డ్స్ టెస్ట్, ఇండియా మ్యాచ్, కొన్ని టిక్కెట్లే ఉన్నాయి తమ్ముళ్లూ.’ ఆ 1994 చట్టం క్రికెట్‌కి వర్తించదని ఆయనకి బాగా తెలిసినట్టుంది. కింద అప్పటికే ముగ్గురు ‘నాకు రెండు అన్నా’ అని రాశారు. ఆ ముగ్గురిలో ఎవరైనా ఇది చదువుతుంటే ఇప్పుడే నాకు మెసేజ్ పెట్టండి, మిగిలిన సగం చాట్ పంపిస్తా.