లైనక్స్‌లో విండోస్ గేములు: ఆరేళ్లు ఆడాక

నా డెస్క్‌టాప్‌లో 2019 చివరి నుంచి లైనక్స్ ఒక్కటే ఉంది, అంటే విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. అంతకుముందు రెండూ ఉండేవి. పగలు ఆఫీసు పనికి లైనక్స్, రాత్రి గేమ్ ఆడాలంటే రీస్టార్ట్ చేసి విండోస్. అరగంట ఖాళీ దొరికినప్పుడు ఆ మార్పిడికి ఓపిక ఉండేది కాదు. మెషిన్ అప్పుడూ ఇప్పుడూ అదే: ఇంటెల్ ఐ5-7400, 16 జీబీ ర్యామ్, ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 కార్డు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో ఇది లేదు. ఇలాంటి పీసీలు ఉన్నవాళ్లు ఈమధ్య "లైనక్స్‌లో గేములు నడుస్తాయా?" అని తరచూ అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను. గేమ్ విండోస్‌ని ఏం అడిగినా, మధ్యలో వైన్ అనే సాఫ్ట్‌వేర్ అందుకుని లైనక్స్‌కి అర్థమయ్యేలా చెబుతుంది, దుబాసీలాగా. ప్రాసెసర్ మాత్రం ఒకటే కాబట్టి గేమ్ కోడ్ నేరుగా నడుస్తుంది. అందుకే వేగం పెద్దగా తగ్గదు. వైన్ 1993 నుంచే ఉన్నా, నాలాంటి వాళ్లకి దారి తెరుచుకుంది 2018 ఆగస్టులో వాల్వ్ కంపెనీ తన గేముల దుకాణం స్టీమ్‌లోకి ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాకే. వైన్‌తో పాటు డీఎక్స్‌వీకే కూడా అందులో కలిసే వస్తుంది. విండోస్ గేములు వాడే డైరెక్ట్‌ఎక్స్ గ్రాఫిక్స్ ఆదేశాల్ని, 11వ వెర్షన్ వరకు, లైనక్స్‌లోనూ నడిచే వల్కన్‌లోకి మార్చేది అదే. డైరెక్ట్‌ఎక్స్ 12కి వేరే ఉంది.

నేను మొదట ఆడింది ది విచర్ 3. ఇన్‌స్టాల్ చేసి ప్లే నొక్కాను, నడిచింది. వెలెన్ చిత్తడి నేలల్లో గుర్రం మీద తిరుగుతూ ఆ చలికాలమంతా గడిపాను. ఎల్డెన్ రింగ్ 1080పీలో మీడియం సెట్టింగులతో సుఖంగా పూర్తి చేశాను. ఏఎండీ కార్డు కావడం కూడా కలిసొచ్చింది. దాని డ్రైవర్ లైనక్స్‌తో పాటే వస్తుంది, వేరుగా వెతుక్కునే పని లేదు.

ఇబ్బందులు పడలేదని అనను. మొదటి నెలలో సగం గేములు ప్లే నొక్కగానే రెండు సెకన్లు తిరిగి ఆగిపోయేవి. రెండు రాత్రులు తల పట్టుకున్నాక తెలిసింది, అవన్నీ పాత విండోస్ డ్రైవ్‌లో, అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉన్నాయని. ప్రోటాన్ ప్రతి గేమ్‌కీ ఒక చిన్న సీ డ్రైవ్ తయారుచేస్తుంది. అందులో కోలన్ ఉన్న పేర్లుంటాయి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో అవి పొసగవు. గేములన్నీ లైనక్స్ సొంత ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4 ఉన్న డిస్కుకి మార్చాక ఆ బాధ మళ్లీ రాలేదు.

ఇంకో గేమ్‌లో కథ మధ్యలో వీడియో రావాల్సిన చోట రంగు పట్టీలు కనిపించేవి, టీవీలో ప్రసారం ఆగినప్పుడు వచ్చేవి ఉంటాయే, అలాంటివి. కొన్ని వీడియో ఫార్మాట్లకి లైసెన్సు చిక్కులుండటంతో వాల్వ్ ఇచ్చే ప్రోటాన్‌లో అవి నేరుగా ప్లే కావు. కథ కోసమే ఆడే నాకు అది చాలా బాధ అనిపించింది. ప్రోటాన్ జీఈ అనే వేరే కూర్పు వేసుకుంటే వీడియోలు వచ్చాయి. ఇప్పుడు అలాంటివి అరుదు.

మొబైల్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లకి ఒక మాట. స్టీమ్ గేములకి షేడర్లు, అంటే గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు, ముందుగానే డౌన్‌లోడ్ చేస్తుంటుంది. రోజుకి రెండు జీబీ ప్యాక్ ఉన్న రోజుల్లో నా డేటా అలాగే హరించుకుపోయేది. సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు. ఆడుతున్నప్పుడు మొదట్లో కాస్త తడబడుతుంది, అంతే.

కంప్‌యాట్‌డేటా అనే ఫోల్డర్‌ని మాత్రం డిస్కు నిండిందని తీసేయకండి. ఇందాక చెప్పిన సీ డ్రైవ్‌లు ఉండేది అందులోనే, క్లౌడ్‌లో దాచుకోని గేముల సేవ్‌లు కూడా అక్కడే ఉంటాయి. నలభై గంటల ఆట నాకు అలాగే పోయింది.

ఇక అసలు సమస్య ఆన్‌లైన్ గేములు. వాటిలో మోసం చేసేవాళ్లని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. 2021 సెప్టెంబర్‌లో అలాంటి ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ రెండూ ప్రోటాన్‌కి దారి ఇచ్చాయి. అయితే ఆ దారి తెరవాలా వద్దా అన్నది గేమ్ చేసినవాళ్ల ఇష్టం. ఎల్డెన్ రింగ్ తెరిచింది, ఆన్‌లైన్‌లో కూడా బాగా ఆడుకున్నాను. ఏపెక్స్ లెజెండ్స్ మాత్రం 2024 అక్టోబర్ చివర్లో లైనక్స్‌ని పూర్తిగా ఆపేసింది. వాలొరంట్ మీద ఆశే వద్దు. మోసాల్ని పట్టే దాని వ్యాన్‌గార్డ్ విండోస్ కెర్నల్‌లోకి, అంటే సిస్టమ్ గుండెలోకి, వెళ్లి కూర్చుంటుంది, మన దగ్గర ఆ కెర్నలే లేదు.

స్నేహితులతో రెండేళ్లు ప్రతి శనివారం ఆడిన ఒక గేమ్‌లో నాకూ ఇదే జరిగింది. ఒక అప్‌డేట్ తర్వాత లోపలికి రానివ్వలేదు. డబ్బు పెట్టి కొన్నది, ముందు రోజు దాకా చక్కగా నడిచింది, నేను ఏ మోసమూ చేయలేదు. టెక్నాలజీ కుదరకపోతే సర్దుకుంటాను. కుదిరిన దాన్ని ఒకరు నిర్ణయం తీసుకుని ఆపేయడం ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

మొన్న విజయవాడలో ఇంజినీరింగ్ చదివే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నేను కూడా లైనక్స్ వేసేయనా?"

"ఏం ఆడతావురా?"

"వాలొరంట్. ఇంకేం లేదు."

"అయితే విండోస్ ఉంచుకో నాన్నా."

ఒంటరిగా, కథ కోసం ఆడేవాళ్లకైతే ఒక్క క్షణం ఆలోచించకుండా వేసుకోమని చెప్తాను. కొనే ముందు ఏ గేమ్ ఎలా నడిచిందో ఆడినవాళ్లు రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో గత రెండు మూడు నెలల్లో రాసినవి చదవండి, పాతవాటిని నమ్మొద్దు. కొన్న రోజే ఒక గంట ఆడి చూడండి. 14 రోజుల లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. ఈ ఆరేళ్లలో నేను అలా వెనక్కిచ్చినవి నాలుగు. వాటిలో రెండు ఏడాది తర్వాత మళ్లీ కొన్నాను, ఈసారి నడిచాయి.