క్లోజప్‌కి ఎక్స్‌టెన్షన్ ట్యూబా, ముందు తగిలించే క్లోజప్ లెన్సా? మీ దగ్గరున్న లెన్స్‌నే అడగండి

చలామణిలో ఉన్న రూపాయి బిళ్లల్లో 2011లో వచ్చిన రకం అడ్డకొలత దాదాపు 22 మి.మీ. కెనాన్ ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్‌కన్నా చిన్న సెన్సర్ ఉండే) కెమెరా సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ. ఆ బిళ్ల ఫ్రేమ్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి నిండితే అది 1:1 (వస్తువు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మా అంతే), అంటే అసలు మాక్రో. కెనాన్ ఈఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్స్‌తో ఎంత దగ్గరికి జరిగినా 0.21 రెట్లే వస్తుంది. అంటే బిళ్ల ఫ్రేమ్ వెడల్పులో అయిదో వంతు దగ్గరే ఆగిపోతుంది. మిగతా దూరం ఎలా దాటాలన్నదే ప్రశ్న. దారులు నాలుగు: బాడీకీ లెన్స్‌కీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (గాజు లేని ఖాళీ గొట్టం) పెట్టడం, లెన్స్ ముందు క్లోజప్ లెన్స్ తగిలించడం, లెన్స్‌నే తిరగేసి బిగించడం, లేదంటే మాక్రో లెన్స్ కొనేయడం. చాలామందికి అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే. అక్కడ ధరకన్నా ముందు చూడాల్సింది మీ లెన్స్ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ పేరులో ఉండే మి.మీ. అంకె).

ట్యూబ్ లెక్క చిన్నది. ట్యూబ్ మందాన్ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, లెన్స్‌కి సొంతంగా ఉన్న మాగ్నిఫికేషన్ (పైన చెప్పిన 0.21 లాంటిది) కలపాలి. 50 మి.మీ. లెన్స్‌కి 36 మి.మీ. ట్యూబ్ వేస్తే 0.72, దానికి 0.21 కలిపితే 0.93. చేతికి దాదాపు 1:1 వచ్చినట్టే. కెంకో సెట్‌లో వచ్చే 12, 20, 36 మూడూ కలిపి 68 మి.మీ. బిగిస్తే 1.57 రెట్లు. అదే 36 మి.మీ. ట్యూబ్‌ని 55-250 జూమ్‌కి వేసి 250 దగ్గర పెడితే లాభం 0.14 మాత్రమే. బాడీ నుంచి లెన్స్ విప్పి, దుమ్ము లోపలికి పోనిచ్చి, వెలుతురు పోగొట్టుకుని అంత కష్టపడ్డందుకు దక్కేది అదీ.

క్లోజప్ లెన్స్ లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. మన లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని క్లోజప్ లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. రేనాక్స్ కంపెనీ క్లోజప్ లెన్స్ డీసీఆర్-250 బలం 8 డయాప్టర్లు (1000ని ఈ అంకెతో భాగిస్తే ఫోకల్ లెంగ్త్ మి.మీ.ల్లో వస్తుంది), అంటే 125 మి.మీ. మన లెన్స్ ఫోకస్ ఇన్ఫినిటీ (అనంత దూరం) మీద ఉండగానే, 250 మి.మీ. దగ్గర 2 రెట్లు ఇస్తుంది. డీసీఆర్-150 (4.8 డయాప్టర్లు, 208 మి.మీ.) అయితే 1.2 రెట్లు. అదే డీసీఆర్-250ని 50 మి.మీ. లెన్స్‌కి తగిలిస్తే ఇన్ఫినిటీ మీద వచ్చేది 0.4 మాత్రమే.

కాబట్టి 35 నుంచి 85 మి.మీ. మధ్య లెన్స్ ఉంటే ట్యూబ్, 150 దాటిన జూమ్ ఉంటే క్లోజప్ లెన్స్. 100 దగ్గర రెండూ దాదాపు సమానం, అక్కడ సౌకర్యాన్ని చూసుకోండి. ఇక 18-55ని 18 దగ్గర పెట్టి 36 మి.మీ. ట్యూబ్ వేస్తే ఫోకస్ పడాల్సిన చోటు ముందు గాజు లోపలికే వెళ్లిపోతుంది. దేనిమీదా ఫోకస్ కాదు. లెన్స్ పాడైందేమో అనుకునేది చాలామంది అప్పుడే.

దూరం మాటకొస్తే

50 మి.మీ. + 36 ట్యూబ్‌తో లెన్స్ అంచుకీ పురుగుకీ మధ్య మిగిలేది సుమారు 7 సెం.మీ. 68 మి.మీ. వేస్తే 5 సెం.మీ. పువ్వుకి, నాణేనికి, నగకి ఇబ్బంది లేదు. తూనీగ మాత్రం అంతసేపు ఆగదు. పైగా లెన్స్ నీడ నేరుగా దాని మీదే పడుతుంది. డీసీఆర్-150తో దాదాపు 20 సెం.మీ. దూరం దొరుకుతుంది, 250తో దాదాపు 12 సెం.మీ. కదిలే పురుగులే మీ లక్ష్యమైతే ఈ ఒక్క కారణానికే పొడవాటి జూమ్, క్లోజప్ లెన్స్ జోడీ వైపు మొగ్గుతాను.

ట్యూబ్ వేశాక ఫోకస్ రింగ్ మీద ఆశ వదులుకోవాలి. 36 మి.మీ. ట్యూబ్‌తో రింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పినా ఫోకస్ జరిగేది ఒకటిన్నర సెంటీమీటరే. దూరంగా ఉన్న దేని మీదా ఫోకస్ పడదు. అందుకే మాన్యువల్‌లో పెట్టి, కావలసిన మాగ్నిఫికేషన్ దగ్గర రింగ్‌ని వదిలేసి, కెమెరానే ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపుతూ పురుగు కన్ను షార్ప్ అయిన క్షణంలో నొక్కాలి. ఆటోఫోకస్‌ని నమ్ముకుంటే అది అటూ ఇటూ వెతుక్కుంటూనే ఉంటుంది, ఈలోగా పురుగు ఎగిరిపోతుంది.

వెలుతురు పోతుందా?

ట్యూబ్‌కి వెలుతురు పోతుంది, క్లోజప్ లెన్స్‌కి పోదు అని అందరూ అంటారు. మాట నిజమే, కానీ సగమే. ట్యూబ్‌తో 1:1 దగ్గర అపర్చర్‌ని (లెన్స్ లోపలి రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/8 పెడితే సెన్సర్‌కి అందేది ఎఫ్/16 వెలుతురు, అంటే రెండు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). ఇన్ఫినిటీ మీద ఉన్న జూమ్‌కి క్లోజప్ లెన్స్ తగిలించి ఎఫ్/8 పెడితే ఎఫ్/8 వెలుతురే అందుతుంది. కాకపోతే షార్ప్‌గా వచ్చే లోతు కూడా ఎఫ్/8 లోతే. ట్యూబ్‌తో ఎఫ్/8లో వచ్చే లోతు (ఏపీఎస్-సీలో 1:1 దగ్గర సుమారు 0.6 మి.మీ.) దీంతో రావాలంటే ఎఫ్/16కి దించాలి. అప్పుడు వెలుతురూ అంతే, డిఫ్రాక్షన్ (రంధ్రం బాగా చిన్నదైతే కాంతి చెదరడం) తెచ్చే మెత్తదనమూ అంతే. ఒకే లోతుకి రెండూ ఒకే మూల్యం అడుగుతాయి.

దీన్నుంచి తేలే లెక్క ముఖ్యం: ట్యూబులతో ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 దాటకండి, క్లోజప్ లెన్స్‌తో ఎఫ్/11 నుంచి ఎఫ్/16 దాకా భయపడకండి. 1.57 రెట్ల దగ్గర ఎఫ్/16 పెడితే అది నిజానికి ఎఫ్/40 దాటిపోతుంది. బొమ్మంతా పలచటి పొగమంచు కప్పినట్టు మెత్తబడుతుంది. కెమెరా తెర మీద మాత్రం 16 అనే కనిపిస్తుంది.

ట్యూబులు కొనేముందు

వందల్లో దొరికే లోహపు ట్యూబులకి కాంటాక్టులు (బాడీ నుంచి లెన్స్‌కి కరెంటు, సంకేతాలు అందించే బిందువులు) ఉండవు. లోపల 7, 14, 28 మి.మీ. మరల ముక్కలు, రెండు కొసలా మౌంట్లు, అంతే. పాత మాన్యువల్ లెన్స్ ఉన్నవాళ్లకి అవి చాలు. పైన చెప్పిన 50 ఎస్‌టీఎంకి మాత్రం దండగ: ఆ లెన్స్ అపర్చర్ కూడా, ఫోకస్ రింగ్ కూడా కరెంటుతోనే పనిచేస్తాయి. కాంటాక్ట్ తెగితే ఎఫ్/1.8 దగ్గర తెరుచుకునే ఉంటుంది, రింగ్ ఎంత తిప్పినా లోపల ఏమీ కదలదు. దీనికో చిట్కా ఉంది: లెన్స్ నేరుగా బాడీకి ఉండగా ఎఫ్/8 పెట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (అపర్చర్‌ని ముందే మూసి చూపేది) నొక్కిపట్టుకునే లెన్స్ విప్పితే అపర్చర్ అక్కడే నిలిచిపోతుంది. పని జరుగుతుంది గానీ వ్యూఫైండర్ చీకటైపోతుంది, మార్చాలంటే మళ్లీ అంతా విప్పాలి.

నికాన్ జీ లెన్సులది ఇంకో తంటా: లెన్స్ వెనక ఉండే అపర్చర్ లివర్‌ని పట్టుకునేది లేక అపర్చర్ అతి చిన్న రంధ్రానికి పడిపోతుంది. మిర్రర్‌లెస్‌లో అయితే లెన్స్ లేకుండా షటర్ పడే ఆప్షన్ మెనూలో ఆన్ చేయకపోతే క్లిక్కే పడదు. వేలల్లో అయినా కాంటాక్టులున్నవే కొనమని చెప్పేది ఇందుకే. ప్లాస్టిక్ మౌంట్ ఉన్నవి 50 మి.మీ. లాంటి తేలిక లెన్స్‌కి ఫర్వాలేదు, బరువైన జూమ్ వేలాడదీస్తే వంగుతాయి. తెరమీద ఎర్రర్ వస్తే ముందు కాంటాక్టుల్ని మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, ట్యూబుల్ని ‘టక్’మని లాక్ పడేదాకా తిప్పండి. ఎక్కువసార్లు జబ్బు అదే.

ట్యూబ్‌లో గాజు లేదు కాబట్టి క్వాలిటీ తగ్గదు అంటారు. కొత్త లోపం చేరదన్నది నిజమే, కానీ లెన్స్‌ని అది తయారు కాని దూరంలో పనిచేయిస్తున్నాం. మధ్యలో బాగుంటుంది, మూలలు మెత్తబడతాయి. పురుగు ఫొటోలో మూలల్ని ఎవరూ చూడరు, తపాలా బిళ్ల ఫొటోలో వెంటనే తెలిసిపోతుంది. క్లోజప్ లెన్సుల్లో +1, +2, +4, +10 అని నాలుగు కలిపి చవగ్గా అమ్మే సెట్ల జోలికి పోవద్దు. ఒంటి గాజువి కావడంతో అంచుల్లో ఊదా, పచ్చ చారలు వస్తాయి. రెండు మూడు గాజులు కలిపి ఆ రంగు చారల్ని తగ్గించే అక్రోమాట్ అయితేనే తీసుకోండి.

తిరగేసిన లెన్స్, మాక్రో లెన్స్

రివర్స్ రింగ్ అన్నిటికన్నా చవక. 18-55ని 18 దగ్గర తిరగేస్తే 3 రెట్లు పైనే వస్తుంది, ట్యూబులతో అందనంత. కానీ లెన్స్ వెనక గాజు ఎండకీ దుమ్ముకీ ఎదురుగా ఉంటుంది, అపర్చర్ చిక్కులు పైన చెప్పినవే. ఇంట్లో బల్ల మీద ఉప్పు కల్లు, ఎండిన రెక్క లాంటివాటికి సరదాగా వాడుకోవచ్చు.

మాక్రో లెన్స్ ధర పదుల వేలల్లో ఉంటుంది. కెనాన్ ఈఎఫ్ 100 మి.మీ. ఎల్ మాక్రో 1:1 దగ్గర అంచు నుంచి 13 సెం.మీ. దూరమిస్తుంది, ఇన్ఫినిటీ పోదు, మూలలు కూడా షార్ప్. పాత నెగటివ్‌లు, తాళపత్రాలు, నోట్లు కాపీ తీసే పని ఉంటే ఇదే కొనండి, మిగతా మూడూ సమాధానం కావు. ఏడాదికి నాలుగు వారాంతాలు పొలం గట్ల మీద తిరిగేవాళ్లకి అవసరం లేదు.

తొలకరి తర్వాత నేలమీదికొచ్చే ఆరుద్ర పురుగునే తీసుకోండి. పొడవు సెంటీమీటరు అనుకుందాం, నడక నెమ్మది. 50కి 12 మి.మీ. ట్యూబ్ వేస్తే ఫ్రేమ్‌లో అయిదో వంతు, 36 వేస్తే అయిదింట రెండు వంతులు. దాని మఖమల్ నూగు విడివిడిగా కనబడేది 36తోనే. మాన్యువల్ మోడ్, ఎఫ్/8, 1/160, ఐఎస్ఓ 200, ఫ్లాష్ తప్పనిసరి. కెమెరా సొంత ఫ్లాష్ అయితే 7 సెం.మీ. దూరంలో లెన్స్ నీడ పురుగు మీద పడుతుంది. ఫ్లాష్‌కి ముందు ట్రేసింగ్ పేపర్ రెండు పొరలు లెన్స్ అంచుదాకా వంచి కట్టండి. మోచేతులు నేలకి ఆనించండి. తడి మట్టిలో ట్యూబ్ మార్చాల్సి వస్తే కెమెరా నోరు నేలవైపుకి పెట్టి మార్చండి. చినుకులు పడుతుంటే అసలు మార్చకండి, ఇంటి దగ్గరే 36 వేసుకుని బయల్దేరండి.