గోపాల్‌పూర్ ఒడ్డున పాటల రాత్రి: సౌండ్ భేష్, నీళ్లకే కటకట

మాది ఒడిశాలోని బరంపురం. ఇరవై ఏళ్లు పెళ్లిళ్లకి మైకుసెట్టు నడిపినవాణ్ణి, ఎక్కడికెళ్లినా ముందు చెవి స్పీకర్ల మీదికే పోతుంది. మొన్న శనివారం మేనకోడలు "రా మావయ్యా" అని లాక్కెళ్తే గోపాల్‌పూర్ బీచ్‌లో పాటల పండక్కి వెళ్లాను.

సౌండ్‌కి పూర్తి మార్కులు. స్టేజికి వంద మీటర్ల దూరంలో ఇంకో జత స్పీకర్లు పెట్టారు. మిక్సర్ దగ్గరున్న కుర్రాణ్ణి అడిగితే, వాటికి సుమారు 0.3 సెకను ఆలస్యం ఇచ్చామన్నాడు. శబ్దం సెకనుకి 340 మీటర్లే పోతుంది కదా, స్టేజి మీది శబ్దం అక్కడికి చేరడానికి అంత టైము పడుతుంది. ఆ ఆలస్యం లేకపోతే వెనకున్నవాళ్లకి ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. మా రోజుల్లో ఈ సదుపాయం ఎక్కడిది! సముద్రపు గాలికి వేణువు మాత్రం అప్పుడప్పుడు ఎటో కొట్టుకుపోయింది. అది వాళ్ల తప్పు కాదు. రాత్రి 10కి ఠక్కున ఆపేశారు, రూలు అదే.

ఇక నీళ్లు. మా సీసా గేటు దగ్గరే లాక్కున్నారు. లోపల అంత జనానికీ ఒక్కటే కౌంటరు, అరలీటరు నలభై రూపాయలు. ఉప్పుగాలికి గొంతెండిపోతుంటే పాటేం వింటాం? ఆడవాళ్లకి నాలుగే టాయిలెట్లు, ఒక్కదాంట్లోనూ లైటు లేదు. మేనకోడలు లైన్లో నిలబడి తిరిగొచ్చేసరికి మూడు పాటలు అయిపోయాయి.

తిండి పరవాలేదు.

బోర్డులన్నీ ఇంగ్లీషులోనే. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ "బయటికెళ్లే దారెటు బాబూ?" అని నన్నడిగింది. నాకూ తెలీదు. ఇద్దరం కలిసి వెతుక్కున్నాం.