ఫ్రీజర్‌లోంచి నేరుగా నూనెలోకి: ఇంట్లో చేసే వేయించిన రావియోలి

రావియోలి అంటే పలచటి మైదా పొరల మధ్య కూర పెట్టి అంచులు మూసే ఇటలీ వంటకం. వేయించిన రావియోలి అనగానే అందరూ లోపల ఏం పెట్టావని అడుగుతారు. నాకు మాత్రం దాని పైపొరే ప్రాణం. బ్రెడ్ పొడి అద్ది ఫ్రీజర్‌లో పెట్టుకున్నామంటే, చుట్టాలు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మూకుడు పొయ్యి మీద పెట్టి నేరుగా వేసేయొచ్చు. మంచు కరిగేదాకా ఆగక్కర్లేదు, ముందుగా ఉడకబెట్టక్కర్లేదు. పకోడీ అయితే అప్పటికప్పుడు ఉల్లిపాయలు తరుక్కోవాలి. సమోసాలు ముందే చుట్టి పెడితే మా విశాఖ ఉక్కకి పొర చెమర్చి పళ్ళేనికి అంటుకుపోతుంది. ఎవరైనా వస్తున్నారంటే టెన్షన్ లేకుండా ఉండగలిగింది ఈ వంటకం నేర్చుకున్నాకే.

పిండి కలపడం, పలచగా ఒత్తడం, కూర పెట్టి మూయడం అందరికీ తెలిసినవే. వంద గ్రాముల మైదాకి ఒక గుడ్డు అన్న ఇటలీ లెక్క ఇక్కడా పనిచేస్తుంది. కాకపోతే వానాకాలంలో మైదా ముందే తేమ పీల్చుకుని ఉంటుంది, ముద్ద జిగురుగా వస్తుంది. అప్పుడు ఇంకో గుప్పెడు మైదా కలిపితే సరిపోతుంది. ఒత్తిన పొర అంటుకోకుండా చల్లుకోవడానికి మాత్రం మైదా వద్దు. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో ఉంది, కిటికీ తీస్తే సముద్రపు గాలే. ఆ గాలికి పొడి మైదా కాసేపట్లో జిగురైపోతుంది. సన్నటి బొంబాయి రవ్వ చల్లితే ఆ బాధ లేదు.

బ్రెడ్ పొడి అద్ది వేయించే ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరం. అక్కడ ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు స్థిరపడిన ద హిల్ అనే పేటలో 1940లలో ఇది మొదలైందని చెబుతారు. మేమే మొదట చేశామని ఒకటికి మించి హోటళ్ళు చెప్పుకుంటాయి. వంటవాడి చేతిలోంచి రావియోలి పొరపాటున కాగే నూనెలో పడిందన్న కథ కూడా ప్రచారంలో ఉంది. వాళ్ళు లోపల మాంసం కూరి, వేయించాక పైన పర్మేసాన్ చీజ్ తురుము చల్లి, పక్కన మరినారా అనే టమాటా సాస్ పెడతారు. మా అక్క కూతురు అక్కడ చదువుకుంటున్న రోజుల్లో ఫోన్లో చూపించింది. అలా నాకు పట్టుకుంది.

నేను పెట్టేది రొయ్యలు. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్ళో ఉంటూ వేరే ఏదో వెతుక్కోవడం ఎందుకు? చిన్న రొయ్యలు ఒలిచి, సన్నగా తరిగి, వెల్లుల్లి, మిరియాల పొడి, కాస్త ఉల్లికాడ వేసి, మూకుడు అడుగున నీటి చెమ్మ కనబడనంతగా ఇగరబెడతాను. ఈ ఒక్క పనిలో తొందరపడకూడదు. నీళ్ళు ఆవిరైతే వెయ్యి రెట్లకు పైగా ఉబ్బుతాయి, ఆ ఆవిరికి బయటికి దారి కావాలి. లోపల చెమ్మ ఉన్నా, మూసేటప్పుడు గాలి చిక్కుకున్నా అంచు విచ్చుకుంటుంది, కూర నూనెలో పడి చిటపటమని చేతుల మీదికి ఎగురుతుంది.

అందుకే మొదట్లో ఒక అల్యూమినియం అచ్చు కొన్నాను. పన్నెండు గుంటలుంటాయి. పొర పరిచి, కూర పెట్టి, పైన ఇంకో పొర వేసి అప్పడాల కర్రతో ఒక్కసారి దొర్లిస్తే అంచు అతుక్కోవడం, ముక్క తెగడం రెండూ ఒకేసారి అయిపోతాయి. రంపపు పళ్ళలాంటి ఆ అంచుని నేను పొగడని రోజు లేదు. మా తోడికోడలు కూడా నా మాట మీదే కొనుక్కుంది.

ఆ అచ్చు మీద నా అభిప్రాయం కాస్త మారింది దసరా వెళ్ళాక వచ్చిన ఒక వాయుగుండం రోజున. మా ఆడపడుచు వాళ్ళు గాజువాక నుంచి సాయంత్రం వస్తామన్నారు. ఫ్రీజర్‌లో రెండు డబ్బాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాంట్లో అచ్చులో చేసి ఉత్తినే పెట్టిన రావియోలి, వచ్చాక అప్పుడే అద్దుదామని. రెండోదాంట్లో ముందే గుడ్డులో ముంచి బ్రెడ్ పొడి అద్ది పెట్టినవి. పొద్దున్నుంచి ఒకటే గాలివాన, కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు తిరుగుతాయి గానీ ఫ్రిజ్ నడవదు. కరెంటు వచ్చేసరికి సాయంత్రమైంది. డబ్బాలు తీసి చూస్తే రెండూ చల్లగానే ఉన్నాయి, కానీ మెత్తబడిపోయాయి.

ఉత్తవి పెట్టిన డబ్బా తెరవగానే గుండె జారింది. మంచు నీరై పొరలోకి ఇంకింది. రావియోలి ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దయ్యాయి. విడదీస్తుంటే అంచు బాగానే ఉంది, అడుగు పొర చిరిగింది. అంత గట్టిగా అతికించిన ఆ రంపపు అంచు ఎక్కడా విడలేదు, పోయిందంతా మధ్యలోనే. బాగున్నవి ఏరి పొడి అద్ది నూనెలో వేశాను. రెండు మూడు తేలాయో లేదో టప్‌మని ఒకటి పేలింది, వెంటనే పక్కది. రొయ్య ముక్కలు నూనెలో మాడి నల్లబడ్డాయి, స్టవ్ చుట్టూ నూనె. మా అత్తయ్య హాల్లోంచి పరుగున వచ్చి గ్యాస్ కట్టేశారు. అప్పటికే వీధిలో హారన్ వినిపించింది.

చేసేదేమీ లేక ఆ నూనె పక్కన పెట్టి, కొత్త నూనె పోసి, రెండో డబ్బా తెరిచాను. ఒక్కటి కూడా అతుక్కోలేదు. ఊరిన చెమ్మనంతా బ్రెడ్ పొడి పీల్చుకుంది, పొర తడిసింది గానీ చిరగలేదు. భయపడుతూనే నాలుగు వేశాను. గుడ్డు, పొడి కలిసి గట్టిపడి పైన తొడుగులా పట్టుకున్నాయి. ఒకదానికి చిన్న నెర్ర వచ్చింది, అందులోంచి సన్నగా ఆవిరి పోయింది గానీ కూర బయటికి రాలేదు. బంగారు రంగులో తేలిన వాటిని జల్లి గరిటెతో తీసి పళ్ళెంలో పెట్టేసరికి నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి. మా ఆడపడుచు ఒకటి కొరికి, "వదినా, ఇవి ఏ బేకరీలో తెచ్చావు?" అంది. మా అత్తయ్య మధ్యకి విరిచి చూసి, కజ్జికాయకి కోటు తొడిగినట్టుంది అన్నారు. పేలినవాటిలో మిగిలినవి మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టలేదు. ఒకసారి కరిగిన రొయ్యని తిరిగి గడ్డకట్టించి తినడం మంచిది కాదు.

అప్పటినుంచి నా పద్ధతి ఒక్కటే. చేసిన వెంటనే అద్దాలి. పళ్ళెంలో విడివిడిగా పేర్చి, గట్టిపడ్డాకే డబ్బాలోకి మార్చాలి. అచ్చు ఇప్పటికీ ఉంది, పెద్ద మొత్తంలో చేసేటప్పుడు తీస్తాను. మామూలు రోజుల్లో గ్లాసుతో గుండ్రంగా కోసి, వేళ్ళతో గాలి బయటికి నొక్కి, ఫోర్క్‌తో అంచు నొక్కితే చాలు. అచ్చు ఇనుప కాళ్ళకి ఉప్పుగాలి తగిలి తుప్పు పట్టింది కూడా, బీచ్ దగ్గర ఉండేవాళ్ళు కొనేముందు అది చూసుకోండి.

వేయించేటప్పుడు నూనె 175 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు బ్రెడ్ పొడి వేసి చూడండి, మాడకుండా గబగబా బుడగలతో తేలాలి. గడ్డకట్టినవి ఒకేసారి ఎక్కువ వేస్తే నూనె చల్లబడి పొర నూనె తాగుతుంది. మా మూకుడుకి ఐదో ఆరో పడతాయి. బ్రెడ్ పొడి డబ్బా కూడా ఫ్రిజ్‌లోనే ఉంచుతాను, బయట పెడితే మెత్తబడుతుంది. సాస్‌కి టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె చాలు. కుండీలో సబ్జా గింజలు చల్లితే మొలిచే ఆకు రెండు తుంచి వేస్తే ఇల్లంతా ఘుమఘుమ. పిల్లలకి మాత్రం సీసా టమాటా సాసే కావాలి, నేను పట్టుబట్టను.

ఫ్రీజర్ గురించి ఇంత చెప్పాను గానీ, రొయ్యలు పెట్టినవి నెల దాటితే రుచి తగ్గుతుంది, వాసన కూడా మారుతుంది. బంగాళాదుంప అసలు పనికిరాదు, నీరు ఊరుతుంది. పాలకూరని బాగా పిండి పనీర్‌తో కలిపి పెట్టింది ఎక్కువ కాలం నిలుస్తుంది. వేయించాక ఎంతసేపు కరకరలాడుతుందంటే, మా ఊరి గాలిలో పావుగంట. అందుకే అందరికీ ఒకేసారి వేయించి పెట్టను, వాయి వాయిగా వేడివేడిగా వడ్డిస్తాను. అంటే నేను వాళ్ళతో కూర్చుని తినడం కుదరదు, వంటింట్లోనే ఉండాలి.

మా ఇంట్లో ఐదుగురం, వారానికోసారైనా ఎవరో ఒకరు వస్తారు, ఫ్రీజర్ పెద్దది. నాకు అందుకే ఇంత కలిసొచ్చింది. ఇద్దరే ఉండి, ఎప్పుడో గానీ చుట్టాలు రానివాళ్ళకి, నూనె తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళకి ఇంత శ్రమ అక్కర్లేదనే అంటాను. కార్తీక మాసంలో మేము నీచు ముట్టం కాబట్టి పిండిని గుడ్డు లేకుండా నీళ్ళు, రవ్వతో కలిపి, పనీర్ పెట్టి, అద్దడానికి మైదా, మొక్కజొన్న పిండి జారుగా కలుపుకుంటాను. పొర కొంచెం పలచగా వస్తుంది, రంగు తక్కువ, అయినా ఊడిపోదు.