మండలి ఫాంటు: డిగ్రీ కాలేజీ సైటులో చాన్నాళ్లు వాడాక

ఉచిత తెలుగు ఫాంట్లలో నోటీసును చివరిదాకా చదివించేది మండలే. గుండ్రంగా, తేటగా ఉంటుంది. దేవరకొండ బస్సులో కూర్చుని ఫోన్లో సప్లీ ఫీజు తేదీ వెతికే పిల్లలకు అంతకంటే ఏం కావాలి? కాకపోతే 18 పిక్సెళ్ల కంటే తగ్గిస్తే ఆ తేటదనం సగం పోతుంది.

అసలు తలనొప్పి ఒత్తులతో. మా నల్గొండ సైటు థీమ్ (పేజీల రూపాన్ని నిర్ణయించే మూస) ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో తయారైంది: హెడ్డింగులకు లైన్-హైట్ (ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు) అక్షరం సైజుకు 1.2 రెట్లు, నోటీసు డబ్బాకు ఫిక్స్‌డ్ హైటు, మీదినుంచి ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే డబ్బా దాటింది కనబడదు. ల్యాప్‌టాప్‌లో హెడ్డింగు ఒక్క లైనులో సరిపోతుంది కాబట్టి తేడా తెలియదు. ఫోన్లో రెండో లైనుకు దిగగానే అడుగున ఒత్తులు తెగి ‘ఉత్తీర్ణులు’ కాస్తా ‘ఉతీరులు’ అయి కూర్చుంటారు. అందరూ ఫాంటునే తిట్టారు, పాపం! తెలుగక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ‘ష్ట్రీ’ లాంటి చోట ఒత్తు కింద ఇంకో ఒత్తు. 1.2లో అవెక్కడ పడతాయి?

పేజీ ఏ భాషదో చెప్పే లాంగ్ విలువ ‘టీఈ’ (తెలుగు) అని ఇచ్చి, తెలుగుకు విడిగా రూలు రాస్తే కుదిరింది: పేరాలకు లైన్-హైట్ 1.7, హెడ్డింగులకు 1.45, డబ్బాలకు హైట్ తీసేసి మిన్-హైట్ (కనీస ఎత్తు, అవసరమైతే పెరుగుతుంది), అడుగున 6 పిక్సెళ్ల ప్యాడింగ్ (ఖాళీ జాగా). ‘రాష్ట్రీయ స్త్రీ విద్యార్థుల ఉత్తీర్ణత’ అని ప్రతి డబ్బాలో పెట్టి, చిన్న ఫోన్లో చూడండి. అది తెగకపోతే ఇంకేదీ తెగదు.

మండలిలో ఉన్నది ఒక్కటే మందం. బోల్డ్ అంటే బ్రౌజరే అక్షరాన్ని ఉబ్బిస్తుంది. అప్పుడు ‘థ’లో చుక్క పూడిపోయి ‘ధ’లా కనబడుతుంది. అందుకే ఆ ఉబ్బింపును ఆపే ఫాంట్-సింథసిస్ నన్ పెట్టి, హెడ్డింగులకు నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటును 600 మందంలో వాడుతున్నాం. రెండు ఫాంట్లు దిగాలి కాబట్టి సిగ్నల్ సరిగా లేనిచోట పేజీ కొంచెం ఆలస్యంగా కుదురుకుంటుంది. ఫాంట్-డిస్‌ప్లే స్వాప్ ఉంటే, ఫాంటు దిగేలోపు ఫోన్లో ఉన్న ఫాంటుతో అక్షరాలైతే ముందే కనబడతాయి.

డీటీపీ సెంటర్ నుంచి ‘అను’ అనే ఫాంట్లలో వచ్చే సర్క్యులర్‌ను మాత్రం ఏ ఫాంటూ బాగుచేయలేదు. అది ఫోన్లూ బ్రౌజర్లూ గుర్తుపట్టే యూనికోడ్ కాదు, పేస్ట్ చేస్తే పిచ్చిగీతలే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఒత్తులూ అంకెలూ ఒకసారి సరిచూడాలి. దాన్నే స్కాన్ చేసి బొమ్మగా పెడితే వెతుకులాటలో దొరకదు, ఫోన్లో లాగి లాగి చదవాలి.

మా నోటీసులు ఎక్కువగా తెలుగులోనే, చూసేది ఫోన్లలోనే. అందుకని మాకు మండలి నప్పింది. పేపర్ల పేర్లన్నీ ఇంగ్లిష్‌లో ఉండి, అడుగడుక్కీ బోల్డ్ కావాల్సిన సైటైతే మొత్తం నోటోతో నడిపించడమే సులువు. మా టైంటేబుల్ పేజీ కూడా దాంతోనే నడుస్తోంది.