22 ఏళ్ళు షెడ్డులో నిద్రపోయిన పద్మిని: ఆరేళ్ళు తోలాక నా గొడవంతా పెట్రోల్ ట్యాంకుతోనే

మీటరు మీద 21,380 కిలోమీటర్లు. ఆ అంకె చూసే కొన్నా, అబద్ధం ఎందుకు. 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని, మనోళ్ళు ఫియట్ అని పిలిచే కారే, కొండపి దగ్గర ఒక ఊళ్ళో పొగాకుని మంట వేడితో ఆరబెట్టే బ్యారన్‌ని ఆనుకుని దించిన రేకుల షెడ్డులో 22 ఏళ్ళు కదలకుండా ఉండిపోయింది. బయట దేశాల్లో ఇట్లా దొరికిన పాత కార్లని బార్న్ ఫైండ్, అంటే కొట్టంలో దొరికిన బండి అని గొప్పగా చెప్పుకుంటారు గదా, మాది నిజంగానే బ్యారన్ కాడ దొరికింది. ఓనరు పెద్దాయన చూపు తగ్గి 1997లో తోలడం మానేశాడంట, అమ్మడానికి మాత్రం మనసు రాలా, ఆయన పోయాక 2019లో పిల్లలు వచ్చి 70 వేలకి నాకు ఇచ్చేశారు.

ఇంజన్ ఎన్ని సీసీలు, గేరు స్టీరింగ్ పక్కన ఎందుకుంది అని రాసి మీ టైము తినను, ఈ బండి తెలీనోళ్ళు ఇక్కడిదాకా చదవరు.

ముందు మంచి చెప్తా. అందరూ ఇంజన్ పట్టేసుంటదని భయపెట్టారు. ఒంగోల్లో మా మేస్త్రి, అరవై దాటిన మనిషి, ఫియట్ల మీదే చెయ్యి తిరిగినోడు, నాలుగు ప్లగ్గులు ఊడదీసి ఒక్కో రంధ్రంలో కొంచెం ఇంజన్ ఆయిలూ డీజిలూ కలిపి పోసి మూడు రోజులు దాని జోలికి పోబాకన్నాడు. నాలుగో రోజు టాప్ గేర్లో వేసి వెనకనించి ఇద్దరం మెల్లగా నెడితే ముందు మొండికేసింది, తర్వాత కిర్రుమని కదిలింది, ఫ్యాన్ తిరిగింది. ఆ ఫ్యాన్ తిరగడం చూసి నేను ఎగిరి గంతేసినంత పని చేశా. అప్పుడు కొత్త బ్యాటరీ పెట్టి, వాటర్ బాటిల్లో లీటరు పెట్రోల్ పోసి, దాన్ని సెలైన్ సీసాలాగా ఎత్తిన బానెట్‌కి కట్టి సన్న పైపుతో కార్బరేటర్‌కి ఇచ్చాడు. నాలుగో సెల్ఫుకి స్టార్ట్. షెడ్డంతా నీలం పొగ, పక్కింటోళ్ళు ఏదో తగలబడతా ఉందని పరిగెత్తుకొచ్చారు.

ఇంకో ఆశ్చర్యం ఫ్లోరు. మనది సముద్రం గాలి, పదేళ్ళు నిలబెడితే డోర్ల అడుగులు జల్లెడైపోతాయి. దీనికి ఎక్కడా పెద్ద తుప్పు లేదు. మేస్త్రి లెక్క ఏందంటే సీజన్లో బ్యారన్ మండినన్నాళ్ళూ గోడ అవతల వేడి, షెడ్డు చెమ్మ పట్టకుండా ఎండిపోయి ఉండేది, అందుకే రేకు బతికిందని. పొగాకు ఘాటుకి ఎలుకలు కూడా రాలేదంటాడు, అది ఎంతవరకు నిజమో గానీ వైరింగ్ ఒక్కచోట కూడా కొరికి లేదు. ఇప్పటికీ ఎండలో నిలబెట్టి డోరు తీస్తే సీట్లలోంచి పండిన పొగాకు వాసన వస్తది. మా ఆవిడకి తలనొప్పి, నాకు మాత్రం అదే ఇష్టం.

కానీ రేకుని కాపాడిన ఆ వేడే రబ్బరుని చంపేసింది. డోర్ బీడింగులు చేత్తో పట్టుకుంటే ఎండు అప్పడంలాగా విరిగిపోయాయి. రేడియేటర్ పైపులు, ఇంజన్ మౌంటింగులు, టైర్లు అన్నీ పోయాయి. బ్రేక్ వీల్ సిలిండర్లు నాలుగు పక్కలా జామ్, బ్రేక్ ఆయిల్ ఊరికే నిలవున్నా గాల్లో చెమ్మ పీల్చుకుని లోపల పిస్టన్ని తినేస్తది. వీటికోసం చెన్నైలో పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటకి రెండు ట్రిప్పులు కొట్టా, దొరికినయి దొరికాయి, దొరకనివి అంబాసిడర్‌వి పెట్టి సర్దాం. దీని గురించి ఇంతకంటే ఏం లేదు, పాత బండి ఎవరు కొన్నా ఇది మామూలే.

ఇక ట్యాంకు.

ట్యాంకు మూత తీసిన రోజు వచ్చిన వాసన పెట్రోల్ వాసన కాదు, పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు. అడుగున నల్లటి జిగురు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లో పూర్తిగా ఆగిపోయింది, అంటే 1997లో ఆయన పోయించింది చాలావరకు ఆ రకమే అయ్యుంటది, ఒక తరం పాత పెట్రోల్ని నేను బక్కెట్లోకి వంచుకున్నానన్న మాట. ఒక షాపులో ట్యాంకు ఇస్తే వాళ్ళు కిరసనాయిలు పోసి, లోపల సైకిల్ చైన్ ముక్కలు వేసి గలగలా ఊపి కడిగి, తుప్పు మళ్ళీ పట్టకుండా లోపలంతా ఏదో ఎపాక్సీ కోటింగ్ పోసి ఇచ్చారు. మూడున్నర వేలు తీసుకున్నారు. లోపల టార్చి వేసి చూస్తే స్టీల్ గిన్నెలాగా మెరిసిపోతా ఉంది. నేను ఆ ఫోటో కనపడినోళ్ళందరికీ చూపించా, తెలిసిన ముగ్గురిని అదే షాపుకి పంపించా కూడా. ఆ ముగ్గురికీ ఇప్పుడు నేను కాస్త మొహం చాటేస్తా ఉన్నా అనుకోండి.

కొన్నేళ్ళు నిజంగానే ఏ గొడవా లేదు. నెలకి రెండు ఆదివారాలు, చీమకుర్తి దాకానో సింగరాయకొండ దాకానో, అంతే.

2025 మే. నెల్లూర్లో పెదనాన్న మనవరాలి పెళ్ళి. ఇంటిల్లిపాదీ పద్మినిలోనే పోదామని నేనే పట్టుబట్టా. టంగుటూరు టోల్‌గేటు దాటేదాకా పెళ్ళికొడుకులాగా ఉంది బండి. ఉలవపాడు దగ్గరికొచ్చేసరికి మిస్సింగ్ కొట్టడం మొదలైంది, ఏక్సిలేటర్ తొక్కితే లాగట్లేదు, మామిడికాయల అంగళ్ళ ముందు చచ్చూరుకుంది. మధ్యాహ్నం పదకొండున్నర, ఎండ మాడు పగలగొడతా ఉంది.

అక్కడ మన జనం సంగతి తెలుసు గదా, రెండు నిమిషాల్లో ఆరుగురు మెకానిక్కులు తయారు. పాత లారీ డ్రైవరొకాయన వచ్చి "పెట్రోల్ వేడికి పైపులోనే ఆవిరైపోతంది సార్, పంపు మీద తడిగుడ్డ వెయ్యండి" అన్నాడు. సబబే అనిపించింది, ఎండాకాలంలో పాత బండ్లకి వచ్చే జబ్బే అది. మామిడికాయలమ్మే ఆమె తన తువ్వాలు తడిపిచ్చి, "పిల్లల్ని ఇట్లా నీడకి తీసుకురా తల్లీ" అని మా ఆవిణ్ణి పిలిచి కుర్చీ వేసింది. పావుగంట ఆగి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది. ఆ తడిగుడ్డ మహిమే అనుకుని ఆమె దగ్గర ఐదు కిలోల బంగినపల్లి కొని బయల్దేరా.

నాలుగు కిలోమీటర్లు. మళ్ళీ చచ్చింది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ పావుగంట, మళ్ళీ స్టార్ట్. ఈసారి తెట్టు దాటనిచ్చింది. మూడోసారి ఆగినప్పుడు మా ఆవిడ ఒక్క మాటే అంది, "ఏమండీ, మీరు మెల్లగా రండి, మేం బస్సెక్కుతాం." కావలి పోయే ఆటో ఆపి పిల్లల్నీ వాళ్ళమ్మనీ ఎక్కించుకుని, మామిడిపళ్ళు కూడా తీసుకుని పోయింది.

ఒంటరిగా కూర్చుంటే బుర్ర పనిచేసింది. గుడ్డ వెయ్యకుండా ఊరికే పావుగంట ఆగి చూశా. అప్పుడూ స్టార్ట్ అయింది! అంటే గుడ్డకి దీనికి సంబంధం లేదు, ఆగడమే మందు. మేస్త్రికి ఫోన్ చేస్తే, "పంపు దగ్గర పైపు ఊడబీకి ట్యాంకు వైపుకి నోటితో గట్టిగా ఊదు, ఏం వినపడిద్దో చెప్పు" అన్నాడు. ఊదా. ముందు గోడకి ఊదినట్టు ఎదురు కొట్టింది, బుగ్గలు నొప్పెట్టాయి, ఒక్కసారి టప్పుమని వదిలి వెనక ట్యాంకులో గుడగుడమంది. నోటినిండా పెట్రోల్. ట్యాంకు లోపల పైపు మొదట్లో ఏదో అడ్డం పడతా ఉంది, పంపు లాగినప్పుడు పోయి జాలీకి అతుక్కుంటది, ఇంజన్ ఆగి లాగుడు లేకపోతే అదే రాలి అడుక్కి పోద్ది. తడిగుడ్డ మహిమ అదీ. ఊదుకుంటా ఊదుకుంటా రాత్రి తొమ్మిదిన్నరకి నెల్లూరు చేరా, ముహూర్తం దాటింది, సాంబారు అడుగంటింది.

తర్వాత వారం మేస్త్రి ట్యాంకు దించి, మిగిలిన పెట్రోల్ని ఖాళీ గాజు సీసాలోకి పట్టి ఎండకి ఎత్తి చూపించాడు. లోపల ఉల్లిపొరల్లాగా పల్చటి ముక్కలు తిరుగుతా ఉన్నాయి, ఒక పక్క బూడిద రంగు, ఇంకో పక్క తుప్పు రంగు. "అబ్బయ్యా, ఇది ఉట్టి తుప్పు గాదురా, మనం డబ్బులిచ్చి పూయించిన మందే" అన్నాడు. నా మెరిసే స్టీల్ గిన్నె అది.

ఆయన అనుమానం ఇథనాల్ మీద. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025కి ఎక్కడ పోయించినా అదే అన్నట్టయింది. ఇథనాల్‌కి చెమ్మ పీల్చే గుణం, పాత జిగుర్లని కరిగించే గుణం రెండూ ఉన్నాయి, కొన్ని రకాల కోటింగులు దానికి ఆగవు, పాత రకం రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి. అట్లాగని మొత్తం నేరం దాని మీద వెయ్యలేను. అడుగున తుప్పు పూర్తిగా పోకుండానే పైన పూసుంటే ఏ పెట్రోల్‌కైనా ఊడేదే, పైగా నేను సగం ట్యాంకుతో వారాలు వారాలు నిలబెట్టేవాణ్ణి, ఆ ఖాళీలో గాలి, గాల్లో చెమ్మ. షాపు పేరు రాయను, కొన్నేళ్ళు పనిచేసింది గదా.

ఈసారి రేడియేటర్ పని చేసే ఆయన దగ్గర ట్యాంకుని నీళ్ళతో నాలుగైదుసార్లు కడిగించి, పైన కిటికీలాగా కోసి, లోపల చెయ్యి పెట్టి రేకు తెల్లగా తేలేదాకా గీకించి, మళ్ళీ అతికించాం. కోటింగ్ లేదు. పైపులన్నీ ఇంజెక్షన్ బండ్లకి వాడే ఇథనాల్ ఓర్చే రకం వేశాం, పంపు లోపల పెట్రోల్ లాగే పొర, డయాఫ్రమ్, మార్చాం, పంపుకి ముందు లోపల కనపడే ప్లాస్టిక్ ఫిల్టరు పెట్టాం. అది 80 రూపాయలు. మొదటి రోజే పెట్టుంటే ముహూర్తానికి అందేవాణ్ణి. ఇప్పుడు ట్యాంకు నిండుగా ఉంచుతా, నెల పైన తియ్యనని తెలిస్తే వంచేసి మా బైక్‌లో పోసుకుంటా. అప్పటినుంచి ఆగలేదు, అయితే కావలి దాటి పోలేదు కూడా.

కొనమంటారా అని అడుగుతారు. నాకు ఇంటి పక్కన నీడ ఉంది, ఫియట్ మేస్త్రి నడిచిపోయే దూరంలో ఉన్నాడు, చెన్నై పొద్దున పోయి రాత్రికి రావచ్చు, ఆఫీసుకి వేరే బండి ఉంది. ఇవి లేకపోతే నేనైతే కొననేమో. 70 వేల బండికి ఇప్పటిదాకా రెండు లక్షల ముప్పై వేలు పెట్టా. కాగితాలు ముందు చూసుకోండి, 15 ఏళ్ళు దాటితే ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్, ఆ ఫీజు ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్‌లో 5 వేలైంది, నాకు 2024లో అదే తగిలింది, 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి 10 వేలు చేశారు. వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండికి 50 ఏళ్ళు నిండాలి, దీనికి 2036 దాకా ఆగాలి, పైగా అందులో రోజూ తిప్పుకోడానికి ఒప్పుకోరు, నాకేం లాభం.

ఇంజన్ మాత్రం ఇప్పటికీ ఒక్క సెల్ఫుకి లేస్తది. తక్కువ తిరిగిన బండి కదా అని ఇదివరకు ఎవరికి చెప్పినా ఆ మాటతోనే మొదలుపెట్టేవాణ్ణి, ఇప్పుడు కొంచెం తగ్గించా.

పోయిన వారం అద్దంకి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు, వాళ్ళ ఊళ్ళో గొడ్ల చావిట్లో అంబాసిడర్ ఉందంట, 14 వేలే తిరిగిందంట, మీటరు ఫోటో పంపించాడు. ట్యాంకు మూత తీసి లోపలికి టార్చి వేసి ఇంకో ఫోటో పంపమన్నా. ఇంకా పంపలా.